గోడకు ఆనించిన మంచం

ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గుండెకు ఎకో పరీక్ష చేసే గదిలో ఉంటుంది కాబట్టి మొదట్లో ఎకో మేడమ్ అన్నారు. వాడగా వాడగా మేడమ్ అరిగిపోయి ఎకోమ్మ మిగిలింది. ఒకసారి ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా అసలు పేరుతో కేకేస్తే, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చిందట. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. చూసినవాళ్ళు చెప్పిన మాటే నేను చెబుతున్నాను.

యాభై దాటిన మనిషి. పొట్టి. నడకలో తొందర లేదు, మాటలో విసుగు లేదు. రోజంతా అవే నాలుగు ముక్కలు: "ఎడమవైపు తిరగండి. చెయ్యి తలకింద పెట్టుకోండి. ఊపిరి వదలండి. అలాగే ఆపండి." ఇంట్లో కుక్కరు ముందు నిలబడ్డా అవే ముక్కలు నోట్లోంచి వస్తున్నాయని వాళ్ళ మామగారు ఏడిపిస్తూ ఉండేవాడు.

వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ముసలివాళ్ళే. ముసలి గుండెను కొలవడం మీరనుకున్నంత తేలిక కాదు. పడుచువాళ్ళ ఛాతీ మీద మెషీను ప్రోబు ఆనిస్తే చాలు, గుండె తెరమీద అచ్చుగుద్దినట్టు కనబడుతుంది. వయసు మళ్ళినవాళ్ళకు పక్కటెముకలు దగ్గరపడి సందు దొరకదు. ఊపిరితిత్తులు ఉబ్బి గుండెకు అడ్డం వస్తాయి. ఊపిరి ఆపమంటే కొందరు కళ్ళు గట్టిగా మూసుకుంటారు గానీ ఊపిరి మాత్రం ఆపరు. చెవుడున్నవాళ్ళు "ఆఁ?" అంటూ తల తిప్పుతారు, అప్పటిదాకా తంటాలు పడి పట్టిన బొమ్మ కాస్తా మాయమవుతుంది. ప్రోబుకు రాసే జెల్లీ చల్లగా తగిలిందని తిట్టేవాళ్ళున్నారు. ఒకాయనైతే, "మా ఆవిడ కోపంలో ఉన్నప్పుడు కూడా ఇంత చల్లటి చెయ్యి వెయ్యలేదమ్మా," అన్నాడు. గది తుడిచి, రోగుల్ని లేపి కూర్చోబెట్టే ఆయమ్మ పడీ పడీ నవ్వింది. ఎకోమ్మ నవ్వలేదు. "ఊపిరి వదలండి," అంది.

ఆమె నవ్వక అప్పటికి ఏడాది పైనయింది. భర్త పనికి వెళుతూ వెళుతూ దారిలో వ్యాను బోల్తాపడి పోయాడు. పొద్దున టిఫిను డబ్బా మర్చిపోయాడని వెనక్కి పిలిచింది, తీసుకుని వెళ్ళాడు, అంతే. జరగాల్సినవి జరిగాక డ్యూటీకి వచ్చేసింది. "గట్టి మనిషమ్మా," అన్నారందరూ. గట్టీ లేదు, గుట్టూ లేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లి చూసుకున్నట్టు, ఆయన చెప్పుల్నీ ఫోటోనీ చూసి చూసి తనను తాను గిల్లుకునేది. ముట్టుకున్నట్టు తెలిసేది గానీ నొప్పి పుట్టేది కాదు. ఏడుపు రాలేదు. రానందుకు భయం కూడా వెయ్యలేదు. పొద్దున లేవడం, వండడం, మామగారికి టిఫిను పెట్టడం, బస్సెక్కడం, గుండెలు చూడడం. ఎవరి గుండె ఎలా ఉన్నా ఆమెకు ఒకటే.

ఇక మామగారు. బిల్డింగులో పిల్లలంతా ఆయన్ను లిఫ్టు తాత అంటారు. బతుకంతా లిఫ్టులు బిగించి, బాగుచేసి, మనుషుల్ని పైకీ కిందికీ మోసి, చివరికి లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో స్థిరపడ్డాడు. ఇదేం ఖర్మ అని ఎవరైనా అంటే, "జీవితాంతం నేను వాటిని మోశాను, అవి నన్ను మోస్తే బావుంటుందా?" అనేవాడు. మాటకారి. కొడుకు పోయాక కూడా ఇంట్లో ఏదో ఒక మాట వినబడుతోందంటే అది ఆయన పుణ్యమే. కోడలు పలికినా పలక్కపోయినా ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు.

అలాంటి మనిషి మెల్లమెల్లగా మెట్ల దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. ఆగానని ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. గోడకు పగుళ్ళొచ్చాయని నిలబడి పరీక్షించేవాడు. రెండో అంతస్తు వాళ్ళ పిల్లితో ముచ్చట్లు పెట్టేవాడు. ఒకరోజు వంగి బూట్ల లేసులు సర్దుకుంటున్నట్టు నటించాడు. కాళ్ళకేమో చెప్పులు! మొదట మేడ మీద మొక్కలకు నీళ్ళు పోయడం మానేశాడు. తర్వాత సందు చివర టీ కొట్టు మానేశాడు. ఆ తర్వాత కిందికి దిగడమే మానేశాడు. "వయసమ్మా," అనేవాడు. "వయసే మామయ్యా," అనేది కోడలు. అంతటితో ఆ సంగతి అయిపోయేది.

పోయినేడాది, కొడుకు పోయిన కొత్తలో, ఆయాసంగా ఉందంటే తన గదికే తీసుకెళ్ళి పరీక్ష చేసింది కూడా. వాల్వు కొంచెం బిగిసింది, మరీ ఎక్కువేం కాదు, ఏడాదాగి మళ్ళీ చూద్దాం అని వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి, లేకపోతే కథ పట్టు దొరకదు. గుండెలోంచి రక్తం ఒంట్లోకి బయల్దేరే చోట ఒక తలుపుంటుంది. దాన్నే వాల్వు అంటారు. వయసు మీదపడ్డ కొందరికి ఆ తలుపు గట్టిపడి సగం సగమే తెరుచుకుంటుంది. సందు ఎంత సన్నబడితే రక్తం అంత జోరుగా చిమ్ముతుంది. నీళ్ళ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి చూడండి, అదే ఇది. ఆ జోరును కొలిస్తే తలుపు ఎంత బిగిసిందో తెలుస్తుంది. అయితే ధారకు సరిగ్గా ఎదురుగా ఉండి కొలవాలి. పక్కనుంచి కొలిస్తే మెషీను తక్కువ అంకె చూపించి ఊరుకుంటుంది. దానికేం సిగ్గా, శరమా? వయసు మళ్ళినవాళ్ళలో ఆ తలుపు దాటాక ఉండే రక్తనాళం వంకర తిరిగి ఉంటుంది కాబట్టి, చాలామందికి ఆ ఎదురు చోటు ఛాతీకి కుడిపక్కన దొరుకుతుంది. మనిషిని కుడివైపు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము ఎముక పక్కన సన్నటి పెన్సిలు ప్రోబు ఆనించి వెతకాలి. దాంట్లో బొమ్మ కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆ చప్పుడునే నమ్ముకోవాలి. ఎకోమ్మకు ఇదంతా తెలుసు. పని నేర్చుకున్న రోజుల్లో ఆ చప్పుడు పట్టడంలో ఆమెదే పైచెయ్యి.

మరి చిక్కెక్కడ? మంచం దగ్గర.

ఆ గది ఒకప్పుడు చక్రాల కుర్చీలు పెట్టుకునే కొట్టు. పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. మొదట్లో మంచం మధ్యలో ఉండేది, రెండువైపులా మనిషి తిరిగేవాడు. తర్వాత కొత్త మెషీను వచ్చింది, పాతదానికి రెండింతలుంది. అదే వారంలో వరండాలో ఉన్న ఇనప బీరువాను తాత్కాలికంగా లోపల పెట్టారు. తాత్కాలికం అన్న మాటకు ఆఫీసుల్లో ఎంత ఆయుష్షుంటుందో మీకు తెలియంది కాదు. మంచాన్ని గోడకు ఆనించేశారు. రోగి ఎడమవైపు తిరిగితే ఎకోమ్మకు ఎదురుగా వస్తాడు, బాగానే ఉంటుంది. కుడివైపు తిరిగితే ముక్కు గోడకు తగులుతుంది. ఛాతీకీ గోడకూ మధ్య చెయ్యి పట్టదు. పెన్సిలు ప్రోబు సొరుగులోకి వెళ్ళింది, దాని మీద పాత గుడ్డలు చేరాయి.

గుండె డాక్టరమ్మ మంచిదే. పని రాక్షసి. మొదట్లో ప్రతి కేసుకూ ఫోనులో అడిగేది: "కుడివైపు తిప్పి చూశావా?" "మంచం గోడకుంది మేడమ్, కుదరదు." "అయ్యో, జరిపించాలి. చెప్తానుండు." చెప్పింది కూడా. ఒకాయన టేపు పట్టుకొచ్చి గది కొలిచి, తల గోక్కుని, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు! మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. ఇద్దరికీ విసుగొచ్చింది. ఒకరోజు తొందరలో ఎకోమ్మ "ఆ, చూశాను మేడమ్," అనేసింది. మర్నాడు కూడా అంది. అలా అలవాటైపోయింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎవరూ ఎవర్నీ మోసం చేద్దామనుకోలేదు. దొంగ బుద్ధి ఉంటే ఎక్కడో అక్కడ దొరికిపోయేవాళ్ళు. ఇక్కడ ఉన్నది ఒట్టి బద్ధకం, దానికి తోడు బయట వందమంది క్యూ.

ఒకరోజు పొద్దున్నే మామగారు కంటి అద్దాలు మార్పించుకోవాలని పట్టుబట్టి, కోడలితోపాటు మెట్లు దిగాడు. రెండో అంతస్తు మలుపులో రెయిలింగు పట్టుకున్నాడు. "అమ్మాయ్, కరెంటు పో..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. గోడ పట్టుకుని జారి, కూలబడి, పక్కకు ఒరిగిపోయాడు.

ఎకోమ్మ సంచీ కింద పెట్టింది. తల కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది, కాళ్ళు పైకెత్తింది, మెడ దగ్గర నాడి చూసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఈయన కూడా పోతున్నాడా అనుకుంది. అనుకున్నా లోపల ఏమీ కదల్లేదు. పిల్లి మెట్ల మీద కూర్చుని ఇద్దర్నీ చూస్తోంది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. ముఖం తెల్లగా పాలిపోయింది.

"లిఫ్టు మధ్యలో ఆగిపోయిందా?" అన్నాడు.

"ఆగింది. మళ్ళీ కదిలింది. పదండి, ఆసుపత్రికి వెళ్దాం."

డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఎకోమ్మను పక్కకు పిలిచింది. "వాల్వు చప్పుడుంది. బాగా బిగిసి ఉంటే మాత్రం ఈ పడిపోవడం చిన్న విషయం కాదు, తెలుసుగా. ఈసారి లేచారు. ఇంకోసారి లేవకపోవచ్చు. వెంటనే వాల్వు మార్చాలి. అంత లేదంటే బీపీ బిళ్ళ ఎక్కువై పడ్డారనుకోవాలి, డోసు తగ్గించి ఇంటికి పంపేద్దాం. నువ్వే ఎకో తీసి చెప్పు, నేను వార్డులో ఉంటాను."

మామగారు చొక్కా విప్పి ఆ మంచం మీద పడుకున్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎకోమ్మ అలవాటైన నాలుగు ముక్కలూ చెప్పింది, ఆయన బుద్ధిగా ఊపిరి ఆపాడు. జోరు సెకనుకు ఎన్ని మీటర్లో కొలిచింది. మూడు. పోయినేడాదీ మూడే. నాలుగు దాటితే కదా భయపడాల్సింది. ఫోను చేసింది.

"ఏం మార్పు లేదు మేడమ్. అలాగే ఉంది."

"కుడివైపు?"

"ఆ, చూశాను మేడమ్."

"అమ్మయ్య. అయితే బిళ్ళ సగం చెయ్యి. ఇంటికి తీసుకెళ్ళు, రెండు రోజులు పడుకోబెట్టు."

ఫోను పెట్టేసి, ఆయన ఛాతీ మీది జెల్లీ తుడిచింది. చూశాను అన్న మాట అదివరకు ఎన్నిసార్లో అంది, ఎన్నడూ తన చెవిన పడలేదు. ఈసారి పడింది. మెషీను వైపు తిరిగింది. ఆపిన బొమ్మ తెరమీద అలాగే ఉంది. తలుపు రెక్కలు సున్నం పట్టి తెల్లగా మెరుస్తున్నాయి. పరీక్ష చేస్తున్నంతసేపూ అవి కదిలీ కదలనట్టే ఉన్నాయి. గుండె గోడ పోయినేడు కంటే మందమైంది. తలుపు అంతలా బిగిసి, గుండె అంతలా కష్టపడుతుంటే, అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు మూడు దగ్గరే ఎందుకు కూర్చుంది? ఎందుకో ఆమెకు తెలుసు.

"ఏమంటోంది మీ మెషీను?" అన్నాడు మామగారు, బొత్తాలు పెట్టుకుంటూ. ఒక బొత్తాం తప్పి కాజాలన్నీ ఒకటి పక్కకు పోయాయి. "వయసేగా? నాకు తెలుసులే. నువ్వు దిగులుపడకు."

వయసే మామయ్యా అనబోయింది. నోరు తెరిచింది కూడా.

"ఆయమ్మా, ఇటు రా. మంచం పట్టు," అంది.

"ఏ మంచం?"

"ఎన్ని మంచాలున్నాయి ఇక్కడ? ఇదే."

ఆయమ్మ నోరు వెళ్ళబెట్టింది. మంచం చక్రాలు తుప్పుపట్టి ఉన్నాయి. మెషీనును తలుపు దాకా తోస్తే తప్ప చోటు రాదు. తోశారు, దాంతో తలుపు మూసుకుపోయింది. బయట క్యూలో ఉన్నవాళ్ళు తలుపు బాదడం మొదలుపెట్టారు. "లోపలేమన్నా కాపురం పెట్టారా?" అని ఎవరో అరిచారు. ఆయమ్మ బీరువాకు వీపు ఆనించి, రెండు కాళ్ళతో మంచాన్ని తన్నింది. మామగారు దిగుతానంటే ఎకోమ్మ దిగనివ్వలేదు. మంచం కీచుమని అరిచి మూరెడు కదిలింది, ఆయన కడ్డీ గట్టిగా పట్టుకుని, "గ్రౌండ్ ఫ్లోర్!" అన్నాడు. గోడ పక్కన సందు వచ్చింది. అక్కడ ఎన్నేళ్ళ దుమ్మో, ఎండిపోయిన దూదీ, ఎవరిదో ఒంటి మేజోడూ ఉన్నాయి.

ఎకోమ్మ ఆ సందులోకి దూరి, మోకాళ్ళ మీద కూర్చుంది. సొరుగులోంచి పెన్సిలు ప్రోబు తెప్పించుకుంది.

"మామయ్యా, కుడివైపు తిరగండి. నావైపు."

"ఇందాక ఎడమవైపు అన్నావు కదా?"

"ఇప్పుడు ఇటు."

ఆయన చొక్కా మెడదాకా పైకెత్తి తిరిగాడు. ఇద్దరి ముఖాలూ దగ్గరగా వచ్చాయి. మొదట ఏమీ లేదు, ఒట్టి బుసబుస. ప్రోబు ఒక వేలెడు పైకి జరిపింది, కొంచెం వంచింది. ఊపిరి వదలమంది. అప్పుడు దొరికింది. ఎడమపక్క నుంచి ఈదురుగాలిలా వినబడ్డదే ఇక్కడ సన్నగా, పదునుగా, ఈల వేసినట్టు వినబడుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక ఈల. తలెత్తి అంకె చూసింది. ఐదుకు కాస్త తక్కువ. తప్పేమోనని మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే.

"ఏంటా కూత?" అన్నాడు మామగారు.

"మీ వాల్వు. బాగా బిగుసుకుపోయింది మామయ్యా. మార్చాలి."

"అంటే జబ్బా?"

"జబ్బే."

"వయసు కాదూ?"

"వయసుతో వచ్చిన జబ్బు. బాగుచేస్తారు. తొడ దగ్గర్నుంచి తీగ పంపించి కొత్తది పెడతారు."

 ఆయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ వెంట నీళ్ళు కారి, పక్కమీది రబ్బరు షీటు మీద పడ్డాయి. "బాగుచేస్తారా! ఓరి నీ ఇల్లు బంగారం గానూ. ఏడాదిగా నాకు నేనే సర్ది చెప్పుకుంటున్నానమ్మా. అయిపోయావురా, ఇంక మూల కూర్చో అని. టీ కొట్టు మానేశాను. మొక్కల దగ్గరికి పోవడం మానేశాను. నీ ముందు ఆయాసపడాలంటే సిగ్గేసేది. ఇది జబ్బని తెలిస్తే దర్జాగా ఆయాసపడేవాణ్ణి కదా!"

ఆయమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎకోమ్మ ప్రోబు తుడుస్తోంది.

"అవునూ, పోయినేడు చూశావుగా? అప్పుడు లేదా ఇది?" అన్నాడు ఆయన.

"అప్పుడు మంచం జరపలేదు."

ఆయనకు అర్థమైంది. జాలిగా చూశాడు. "వాడు పోయిన కొత్త అది. అప్పుడు నీకు మతి ఎక్కడుంది, నాకెక్కడుంది? పోనీలే."

ఎంత తేలిగ్గా దాటిపోయే దారి చూపించాడో చూడండి. తల ఊపితే సరిపోయేది.

"అది కాదు మామయ్యా," అంది ఎకోమ్మ. "మీ అబ్బాయి ఉన్న రోజుల నుంచే మంచం ఇక్కడుంది. ఎవరికీ జరపలేదు. చూశానని చెబుతూ వచ్చాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. తప్పుగా పెట్టుకున్న బొత్తాలు విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టుకున్నాడు. "ఒక లిఫ్టులో బ్రేకు అరిగిందని తేలితే, ఆ దఫా బిగించినవన్నీ ఆపేసి చూసేవాళ్ళం అమ్మాయ్," అన్నాడు చివరికి. "జనం తిట్టిపోసేవాళ్ళు. అయినా ఆపేవాళ్ళం."

ఎకోమ్మ డాక్టరమ్మకు ఫోను చేసింది. "ఇందాక కుడివైపు చూశానన్నాను మేడమ్. చూడలేదు. ఇప్పుడు చూశాను." అంకె చెప్పింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది. తర్వాత డాక్టరమ్మ స్వయంగా కిందికొచ్చి, తలుపు తోసుకుని సందులోంచి దూరి, గది మధ్యలో అడ్డంగా ఉన్న మంచాన్నీ, తలుపుకు ఆనుకున్న మెషీనునూ చూసింది. కేకలేసింది. అరిచి అరిచి బీరువాకు ఆనుకుని నిలబడిపోయింది. "నిన్నని ఏం లాభం. ఆ మంచం నేను చూడలేదా? రోజూ ఈ గదికి వస్తూనే ఉన్నాను," అంది.

మామగారిని ఆ రోజే చేర్చుకున్నారు. పోయినేడైతే గుండె కండ ఇంత అలసిపోయేది కాదు, ఇప్పుడు కాస్త ప్రమాదం ఉంది అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆయన సంతకం పెడుతూ, "పాత మోడలుకి కొత్త పార్టు దొరకడమే గొప్ప," అన్నాడు. ఆపరేషను గది బయట ఎకోమ్మ కుర్చీలో కూర్చుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుందామంటే మాటలు రాలేదు. ఎదురుగా గోడమీది పోస్టరులో చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలుంటే, అవి వరసగా చదువుతూ కూర్చుంది. ఆయన బతికాడు. ఇంటికొచ్చి మెట్లెక్కుతూ ఒక్కచోటే ఆగాడు, అదీ పిల్లిని పలకరించడానికి. కోడలు సంతోషపడాలనుకుంది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

బీరువా మళ్ళీ వరండాలోకి పోయింది. మంచం మధ్యలోకి వచ్చింది. మెషీనులో దాచిపెట్టి ఉన్న పాత పరీక్షల్లో వాల్వు బిగిసినవాళ్ళందర్నీ పిలిపించి మళ్ళీ చూడాలని డాక్టరమ్మ తేల్చేసింది. "ఫోనులో కథలేం చెప్పకు. మళ్ళీ చూడాలి, రండి అను. మిగతాది ఇక్కడికొచ్చాక నేను మాట్లాడతాను," అంది. మధ్యాహ్నం క్యూ పలచబడ్డాక ఎకోమ్మ ఫోను ముందేసుకుని కూర్చునేది. చాలామందికి కుడివైపు చూసినా పాత అంకే వచ్చింది. కొందరికి ఎక్కువ వచ్చింది, వాళ్ళను వాల్వు మార్చే విభాగానికి పంపారు. ఒకాయన తిట్టాడు. ఒకావిడ కూతురు, "ఉచితమేనా?" అని మూడుసార్లు అడిగింది. ఎకోమ్మ అందరితోనూ ఒకే గొంతుతో మాట్లాడింది.

ఒక మధ్యాహ్నం తెరమీద ఒక ముసలావిడ పేరు వచ్చింది. ఎంత తలచుకున్నా ఆవిడ ముఖం గుర్తుకు రాలేదు. పేరు పక్కన ఉన్న కొడుకు నంబరు నొక్కింది. మగ గొంతు పలికింది, వెనక టీవీ మోగుతోంది.

"ఆసుపత్రి నుంచండీ, ఎకో తీసే గది. మీ అమ్మగారిని ఒకసారి తీసుకురాగలరా? మళ్ళీ చూడాలి."

ఎవరో టీవీ తగ్గించారు. "అమ్మ లేదండీ. ఆర్నెల్లు దాటింది."

"అయ్యో. ఏమైంది?"

"ఏముందండీ, వయసు. బాత్రూం దగ్గర కళ్ళు తిరిగి పడింది, మళ్ళీ లేవలేదు. ఆ రోజు పరీక్ష చేసిన మేడమ్ మీరేనా? చెయ్యి పట్టుకుని మంచం దింపారు, నేను పక్కనే ఉన్నాను. పెద్దగా ఏం లేదు, వయసుకు అలాగే ఉంటుంది అన్నారు. అమ్మ ఇంటికొచ్చి ఎంత సంబరపడిందో! ఇంటింటికీ తిరిగి నా గుండె బాగుందట అని చెప్పుకుంది. ఇన్నాళ్ళకు కూడా గుర్తుపెట్టుకుని ఫోను చేశారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇలా? మీ మేలు మర్చిపోలేం."

ఎకోమ్మకు బాధ కలిగింది. ఎక్కడా అని వెతుక్కోనక్కర్లేని బాధ.  అవతల ఆయన ఇంకా థాంక్స్ చెబుతూనే ఉన్నాడు. ఉంటానండీ అని పెట్టేయొచ్చు. డాక్టరమ్మ చెప్పింది కూడా అదే.

"వయసు కాదండీ," అంది.

"ఏంటండీ?"

"మీ అమ్మగారిని నేను ఒక పక్క నుంచే చూశాను. రెండో పక్క చూడాలి, చూడలేదు. చూసుంటే జబ్బు బయటపడేదేమో. వయసని నేనే చెప్పాను. తప్పు చెప్పాను."

అవతల టీవీ పూర్తిగా ఆపేశారు.  ఊపిరి వినబడుతోంది.

"బయటపడితే?" అన్నాడాయన మెల్లగా. "బతికేదా?"

ఆయమ్మ తర్వాతి రోగిని లోపలికి తీసుకొస్తూ, ఎకోమ్మ ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బతికేదేమోనండీ," అంది ఎకోమ్మ.